ఇస్తే 1, లేకుంటే 2

ఆ గురువారం పొద్దున తెనాలిలో వరప్రసాదం వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింబావుకు రేపల్లె ప్యాసింజరు ఎక్కడం, తొమ్మిదింబావుకు దిగడం, తొమ్మిదిన్నరకు కంప్యూటర్ ల్యాబులో నిలబడడం, పదకొండున్నరకల్లా రేపల్లె ఊరిని సముద్రంలో ముంచేయడం. మధ్యలో వీలు చూసుకుని ఒక కాఫీ తాగుదామని కూడా అనుకున్నాడు.

ముంచడమంటే కంప్యూటర్లోనే. వరప్రసాదం రేపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఎకనామిక్స్ గెస్ట్ లెక్చరరు. ఎనిమిదేళ్ళుగా గెస్టుగానే ఉన్నాడు. అంతకాలం ఉన్న గెస్టును ఏ ఇంట్లోనూ భరించరు. ఈ ఏడు ఎకనామిక్స్ బ్రాంచిలో ఇరవై ముగ్గురే మిగిలారు. బ్రాంచిని ఉంచాలా తీసెయ్యాలా అన్నది తేల్చడానికి బాపట్ల నుంచి ఒక పరిశీలకుడు వస్తున్నాడు. ఒక్క క్లాసు చూస్తాడు, ఒక ఫారం నింపుతాడు. నలభై మార్కులు వస్తే బ్రాంచి ఉంటుంది. రాకపోతే బ్రాంచి పోతుంది, దాంతోపాటు గెస్టూ పోతాడు. పోయి ఎక్కడ తేలాలో కూడా ఖాయమైపోయింది. తెనాలిలో బావమరిదికి ఎరువుల కొట్టుంది. ఆ మహానుభావుడు బావగారి కోసం ఇప్పటికే ఒక స్టూలు కొని ఉంచాడు.

"ఏంటండీ, ఇడ్లీ వదిలేసి గోడ చూస్తున్నారు?" అంది భార్య శ్రీవిద్య.

"ఇవాళ మునుగుతుందా మునగదా అని ఆలోచిస్తున్నా."

"ఏది?"

"రేపల్లె. మునక్కపోతే నా పని అయిపోయినట్టే."

"శుభమా అని బయల్దేరుతూ అవేం మాటలండీ!" అని శ్రీవిద్య అతని చేత గ్లాసుడు మంచినీళ్ళు తాగించి, కాసేపు కూర్చోబెట్టి మరీ పంపింది.

పరిశీలకుడి ఫారంలో 'కంప్యూటర్ ఆధారిత చురుకైన బోధన' అనే గడికి చాలా మార్కులున్నాయని విన్నప్పటి నుంచి వరప్రసాదం నెల రోజులు కూర్చొని ఒక ఆట తయారుచేశాడు. విషయం వాతావరణ మార్పు, దాని ఆర్థికశాస్త్రం. సముద్రం ఏటేటా పైకి వస్తూ ఉంటుంది. అడ్డంగా కట్ట కట్టాలి. కట్టకు అందరూ వంతు వేసుకోవాలి. వంతు ఇచ్చినవాడినీ ఇవ్వనివాడినీ కట్ట ఒకేలా కాపాడుతుంది కాబట్టి, పక్కవాడు ఇస్తాడులే అని ప్రతివాడూ ఊరుకుంటాడు. అందరూ ఊరుకున్నాక ఊరు మునుగుతుంది. అప్పుడు లెక్చరరు లేచి, "చూశారా, ఎందుకు మునిగామో?" అని అడుగుతాడు. అదీ పాఠం. స్నేహితుల మీదా, ట్యూషన్ పిల్లల మీదా నలభై సార్లు ఆడించి చూశాడు. నలభై సార్లూ మునిగింది. మనుషుల మీద అతనికి గట్టి నమ్మకం కుదిరింది.

పాఠం ఊరికి దగ్గరగా ఉండాలని ఎవరింటి పనిని వాళ్ళ బిడ్డకే పాత్రగా ఇచ్చాడు. రైస్ మిల్లు వారబ్బాయికి మిల్లు, ఎండుచేపలు అమ్మే ఇంటి అమ్మాయికి ఎండుచేపలు, రైతుల పిల్లలకు పొలం. ల్యాబులో ఇరవై కంప్యూటర్లున్నా పనిచేసేవి పదకొండే. ఒకదాని ముందు ఇద్దరు కూర్చుంటే ఒకరి జవాబు ఒకరు చూసేస్తారు. అందుకని ప్రశ్న ఎవరి ఫోనుకు వాళ్ళకు మెసేజ్‌గా రావాలి, జవాబు ఫోన్లోనే గుట్టుగా ఇవ్వాలి, ఫలితం మాత్రం కంప్యూటర్ తెర మీద కనబడాలి. పావుగంట గడిస్తే ఆటలో ఒక ఏడాది. మొత్తం ఎనిమిదేళ్ళు. తొమ్మిదిన్నరకు దానంతటదే మొదలయ్యేలా బుధవారం సాయంత్రమే అమర్చి, ఆఫీసులో అడిగి పిల్లల నంబర్లు తీసుకుని ఎక్కించాడు. పదకొండింటికి పరిశీలకుడు వచ్చి కూర్చుంటే చివరి రెండేళ్ళూ, ఊరు మునగడమూ కళ్ళారా చూస్తాడు.

ప్రిన్సిపాల్ శేషారత్నం గారు మాత్రం ఒక షరతు పెట్టింది. తెలుగులో డెబ్బై అక్షరాలు దాటితే ఒక మెసేజ్ రెండుగా లెక్కకొస్తుందట, అందుకని ఏదీ డెబ్బై దాటకూడదంది. మొదట్లో వరప్రసాదం రాసుకున్న ప్రతి మెసేజూ 'ఫలానా సంవత్సరం అనుకోండి' అని మొదలయ్యేది. కత్తిరించాడు, మళ్ళీ కత్తిరించాడు, గుణింతాలూ ఒత్తులూ కూడా లెక్కలోకి వస్తాయని తెలిసి నీరసపడ్డాడు, చివరికి ఆ ముక్కే ఎగరగొట్టాడు. ఆర్థికశాస్త్రం మొత్తం నిలబడేది 'అనుకోండి' అనే ఒక్క మాట మీద. అది తీసేస్తే మిగిలేది పుకారు. ఎనిమిదేళ్ళు పాఠం చెప్పినవాడికి ఆ సంగతి తట్టలేదు.

ప్యాసింజరు వేమూరు దాకా బుద్ధిగానే వచ్చింది. అక్కడ ఆగిపోయింది. పది నిమిషాలకు ఇంజను పాడైందన్నారు, ఇరవై నిమిషాలకు వేరే ఇంజను తెనాలి నుంచి రావాలన్నారు, అరగంటకు ఎవరూ ఏమీ అనడం మానేశారు. వరప్రసాదం ప్లాట్‌ఫారం మీద అటూ ఇటూ తిరుగుతూ, ల్యాబు చూసుకునే సైఫుల్లాకు ఫోన్ చేశాడు.

"పిల్లలందరూ వచ్చేశారు సార్. ఫోన్లు చేత్తో పట్టుకుని కూర్చున్నారు. మీరు నిమ్మళంగా రండి."

"నిమ్మళమనే మాట అనకు సైఫుల్లా. ఇంజను ఇంకా రాలేదు."

తొమ్మిదీ నలభైకి సైఫుల్లాయే ఫోన్ చేశాడు. "సార్, ఎవరికీ మెసేజ్ రాలేదండి."

"రాలేదా? ఆట మొదలుకాలేదా?"

"మొదలైందండి. జవాబులు కూడా వస్తున్నాయి."

"రాని మెసేజ్‌కు జవాబెలా ఇస్తారయ్యా?"

"అదే నాకూ అర్థం కావట్లేదండి. ఇక్కడ పిల్లలు ఖాళీగా నన్ను చూస్తున్నారు. తెర మీద మాత్రం పద్నాలుగు మంది ఒకటి నొక్కారు, ముగ్గురు రెండు నొక్కారు. మిగతావాళ్ళు ఆలోచిస్తున్నారు."

వరప్రసాదం నడక ఆగింది. "నేను ఎక్కించినవి అడ్మిషన్ రిజిస్టరులో 'విద్యార్థి ఫోన్ నంబరు' అన్న గడిలోవే కదా?"

"అయ్యో సార్! ఆ గడిలో సొంత నంబరు ఎవరు రాస్తారండి? ఊరంతా నాన్న నంబరే రాస్తుంది, నాన్న లేకపోతే అమ్మ నంబరు. నేనిక్కడ చదివినప్పుడు మా అమ్మ జానీ బీ నంబరు రాశాను. ఇప్పటికీ నేను సెలవు పెడితే ఆ మెసేజ్ ఆవిడకే వెళ్తుందండి."

"ఆపెయ్! వెంటనే ఆపెయ్!"

"ఆపు అని నొక్కానండి. మేడం గారి ఫోనుకు ఒక నంబరు పంపానంటోంది, అది కొట్టమంటోంది. మేడం గారి ఫోను ఎంగేజ్ వస్తోందండి. ఆవిడేమో గేటు దగ్గర శాలువా పట్టుకుని ఉన్నారు."

"గేటు దగ్గరికి వెళ్ళి అడుగు మరి!"

"వెళ్ళానండి. ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యట్లేదు. అన్నీ పేరెంట్స్ ఫోన్లేనంట. ఒకటి పెట్టేలోపు ఇంకోటి వస్తోంది. నన్ను చూసి చెయ్యెత్తి ఉండమన్నారు, నేను ఉన్నాను, తర్వాత పొమ్మన్నారు, వచ్చేశాను."

ఈలోగా కాలేజీ పేరుతో ఊళ్ళోకి వెళ్ళిన మొదటి మెసేజ్ ఇదీ: 'ఉప్పునీరు ఊరి అంచుకు వచ్చింది. కట్టకు మీ వంతు ఇస్తే 1, లేకుంటే 2.'

రెండో మెసేజ్ ఎవరి పనికి తగ్గట్టు వాళ్ళకు వెళ్ళింది. నిజాంపట్నంలో ఎండుచేపల వ్యాపారం చేసే సామ్రాజ్యం అప్పుడు చేపలు ఎండబెట్టే దిబ్బ మీదే ఉంది. నెత్తళ్ళు పరిచి, కాకుల్ని తోలుతూ ఫోను చూసింది. 'మీ చేపల దిబ్బ మునిగింది' అని ఉంది. ఆవిడ కాళ్ళ కిందికి చూసుకుంది. ఇసుక కాలిపోతోంది. సముద్రం వైపు చూసింది. రోజూ ఎక్కడుంటుందో అక్కడే ఉంది.

"నేను దిబ్బ మీదే నిలబడ్డాను గదా, మునిగిందంటారేంటి?" అంది పక్కన ఉన్నవాళ్ళతో. తర్వాత ఇంకోసారి చదివించుకుంది. "మా లక్ష్మీప్రియ చదివే కాలేజీ ఇది. చదువుకున్నోళ్ళు ఊరికే అంటారా? మన కంటికి ఆనట్లేదేమో!" అని గబగబా ఒకటి నొక్కి, సగం ఎండిన నెత్తళ్ళను నాలుగు గోతాలకు ఎత్తించి, ఆటో మాట్లాడుకుని రేపల్లె బయల్దేరింది.

రేపల్లెలో రైస్ మిల్లు యజమాని సుబ్బరామయ్యకు 'మిల్లుకు ధాన్యం రాక సగం ఆగింది' అని వెళ్ళింది. ఆయన వాకిట్లోకి వచ్చి చూస్తే, ఆ వేళకు ఆరు ట్రాక్టర్లు రావలసింది, మూడే ఉన్నాయి. మిగతా మూడూ టీ కొట్టు దగ్గర ఆగాయని ఆయనకు తెలియదు. "కాలేజీ వాళ్ళకు ఇంత కచ్చితంగా ఎలా తెలిసిందిరా!" అని నోరు తెరిచి, మిల్లు ఆపించి, ఎక్కించి ఉన్న మూడు లారీల బియ్యాన్ని తక్షణం తెనాలి గోడౌనుకు తోలమన్నాడు. పల్లికోన దగ్గర ఒక రైతు తన బోరు నీళ్ళు దోసిట్లో పట్టుకుని తాగి చూశాడు. నిన్నటిదాకా తియ్యగా ఉన్న నీళ్ళు మెసేజ్ చదివాక ఉప్పగా తగిలాయి. పక్క రైతును పిలిచి తాగించాడు. మెసేజ్ చూపించాక అతనికీ ఉప్పగానే తగిలాయి.

మూడో మెసేజే కొంప ముంచింది. ఆటలో కాస్త పౌరుషం పుట్టించడానికి వరప్రసాదం దాన్ని ముచ్చటపడి రాసుకున్నాడు, అంకె మాత్రం వచ్చిన జవాబులను బట్టి కంప్యూటరే వేస్తుంది: 'నీరు ఇంకా లోపలికి వచ్చింది. ఊళ్ళో ముగ్గురు వంతు ఇవ్వలేదు.' సముద్రం వస్తోందన్నప్పుడు భయపడినవాళ్ళు ఇళ్ళలో ఉండి భయపడ్డారు. ముగ్గురు ఇవ్వలేదని తెలిశాక మాత్రం ఎవరూ ఇళ్ళలో ఉండలేకపోయారు. ఆ ముగ్గురూ ఎవరో తేల్చుకోవడానికి అందరూ కాలేజీకి బయల్దేరారు.

వరప్రసాదం అప్పటికి వేమూరులో ఆటో ఎక్కాడు. ప్రిన్సిపాల్‌కు ఇరవై సార్లు ఫోన్ చేశాడు, ఇరవై సార్లూ ఎంగేజ్. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. భట్టిప్రోలు దాటాక ఎదురుగా మూడు బియ్యం లారీలు వరసగా వచ్చి, చిన్న వంతెన మీద ఒక ట్రాక్టరుతో తగువు పడి ఆగిపోయాయి. ఇటు ఆటో, అటు లారీలు, మధ్యలో ట్రాక్టరు.

"ఏంటన్నా, అంత హడావుడి? ఎక్కడికి?" అని ఆటో డ్రైవరు మొదటి లారీ అతన్ని అడిగాడు.

"తెనాలికి. సముద్రం వచ్చేస్తోందంట గదా! రేపల్లె కాలేజీ వాళ్ళు కనిపెట్టారు. బస్తాలు తడవక ముందే దాటించమన్నారు మా సుబ్బరామయ్య గారు."

"ఎక్కడిదాకా వచ్చిందన్నా?" అని వరప్రసాదం ఆటోలోంచి తల బయటపెట్టి తనే అడిగాడు. అడిగాక గుర్తొచ్చింది, ఆ సముద్రం తనదేనని.

అప్పుడే శ్రీవిద్య ఫోన్ చేసింది. "ఏమండీ! ఎక్కడున్నారు? రేపల్లె మునిగిపోయిందని మా తమ్ముడి కొట్లో చెప్పుకుంటున్నారంట! పొద్దున గోడ చూస్తూ మీరన్నారే! మీకు ముందే ఎలా తెలుసండీ?"

"ఏమీ మునగలేదు శ్రీవిద్యా, అది నా..."

"మీకు ఈత కూడా రాదు గదండీ! వచ్చెయ్యండి. ఉద్యోగం పోతే పోయింది, స్టూలు ఉంది గదా!"

ఆ స్టూలు మాట వినగానే వరప్రసాదం ఆటో దిగి, ట్రాక్టరు అతనికి దణ్ణం పెట్టి, లారీ అతనికి ఇంకో దణ్ణం పెట్టి, తనే చేతులూపుతూ వెనక్కి రప్పించి, ముందుకు పంపించి దారి చేశాడు. అలా పంపుతున్నది తన ఆటకు భయపడి పారిపోతున్న బియ్యాన్నే అని తెలుసు. ఆపి చెబుదామంటే గంట పడుతుంది. టైము పదీ నలభై.

కాలేజీ గేటు ముందు అప్పటికి జరగాల్సింది జరిగిపోయింది. శేషారత్నం గారు పోయిన జూన్‌లోనే బదిలీ మీద వచ్చింది; ఊళ్ళో పెద్దమనుషుల మొహాలు ఆవిడకు ఇంకా తెలియవు. పరిశీలకుడు కారులో వస్తాడనీ, హుందాగా ఉంటాడనీ ఊహించుకుంది. కారు వచ్చింది. తెల్ల బట్టల్లో సుబ్బరామయ్య హుందాగా దిగాడు. ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపట్టి, ఆవిడ ఆయనకు శాలువా కప్పేసింది. సుబ్బరామయ్య ఆ శాలువా ఎందుకో అర్థంకాక మొహం ఎర్రబడి, కాదనలేక, చెప్పుకోలేక నిలబడ్డాడు. అసలు పరిశీలకుడు విష్ణువర్ధన్ బాపట్ల నుంచి బస్సులో వచ్చాడు. పొట్టి మనిషి, చేతిలో రెగ్జిన్ సంచి, అందులో ఫారం. ఆయన్ను ఎవరూ పట్టించుకోలేదు. చివరికి, "నేను బాపట్ల నుంచి వచ్చానండి," అని తనే చెప్పుకున్నాడు.

ఆ ఒక్క ముక్క చాలు. బాపట్ల అంటే కలెక్టరాఫీసు. కలెక్టరాఫీసు నుంచి వచ్చాడంటే కట్ట మనిషే.

పదకొండుకు ఐదు నిమిషాలుందనగా వరప్రసాదం లోపలికి పరుగెత్తేసరికి ఆవరణ నిండా మోటారుసైకిళ్ళు, వరండాలో నాలుగు గోతాల నెత్తళ్ళు, వాటి పక్కనే స్తంభానికి ఆనుకుని జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకున్న విష్ణువర్ధన్, ఆయన చుట్టూ ఇరవై మంది జనం.

"కట్ట ఎక్కణ్ణుంచి ఎక్కడిదాకా సార్?"

"మా పొలం లోపలికొస్తుందా, బయటికి పోతుందా?"

"ముందు నా మాట వినవయ్యా!" అంటోంది సామ్రాజ్యం. "నేను ఒకటి నొక్కాను. ప్రతిసారీ ఒకటే నొక్కాను. నొక్కనోళ్ళు ముగ్గురున్నారంట. ఆళ్ళని కట్ట ఇవతలికి రానివ్వకూడదు!"

"నేను పాఠం చూడ్డానికి వచ్చానండి," అన్నాడు విష్ణువర్ధన్ రుమాల్లోంచి.

"చూశావుగా! గుణపాఠం చాలదా?" అన్నాడు పల్లికోన రైతు.

శేషారత్నం గారు వరప్రసాదాన్ని చూసింది. ఫోను మొదటిసారి చెవి దగ్గర్నుంచి తీసింది. "ప్రసాదం గారూ, బాపట్ల నుంచి వచ్చింది ఈయనైతే, నేను శాలువా కప్పింది ఎవరికండీ?"

వరప్రసాదం జనం వంక చూశాడు. నోరు మూసుకుంటే ఇంకో అరగంటలో ఊరంతా ఖాళీ అవుతుంది. నోరు తెరిస్తే, పరిశీలకుడి ఎదురుగానే తన క్లాసు ఎంత గొప్పగా తగలబడిందో తనే చెప్పుకున్నట్టు. స్టూలు కళ్ళముందు కనబడింది. అయినా మెట్లెక్కాడు.

"అయ్యా, అమ్మా! అందరూ నన్ను క్షమించాలి. సముద్రం రాలేదు. ఇదంతా ఆటండి. కంప్యూటర్ పాఠం. పిల్లలకు వెళ్ళాల్సిన మెసేజ్‌లు పొరపాటున మీకొచ్చాయి."

వరండాలో కాకి ఒకటి అరిచింది. నెత్తళ్ళ వాసనకు కాకులు కూడా వచ్చి ఉన్నాయి.

"ఆటా?" అన్నాడు సుబ్బరామయ్య. "మిల్లు ఆపించావు. మూడు లారీలు రోడ్డెక్కించావు. ఆటా మాస్టారూ?"

"నా నెత్తళ్ళు సగంలో ఎత్తించావు!"

"నా చేత రెండు చెంబుల బోరు నీళ్ళు తాగించావు!"

అందరూ ఒక మెట్టు పైకి వచ్చారు. వరప్రసాదం వెనక్కి ఒక మెట్టు ఎక్కాడు. ఇంకో రెండు మెట్లయితే గోడ. అప్పుడు సామ్రాజ్యం చెయ్యి అడ్డం పెట్టింది.

"ఆగండెహె. సముద్రం ఆటే. సరే. మరి ఆ ఇవ్వని ముగ్గురు? ఆళ్ళు కూడా ఆటేనా?"

"కాదమ్మా," అన్నాడు వరప్రసాదం. "జవాబులు మాత్రం నిజమే. మీరు నొక్కినవే."

జనం చూపులు అతని మీద నుంచి లేచి ఒకరి మీద ఒకరికి తిరిగాయి. తర్వాత ఎవరూ ఏమీ చెప్పకుండానే అందరూ ల్యాబులోకి నడిచారు. పిల్లలు లేచి గోడలకూ కిటికీలకూ అతుక్కున్నారు, పెద్దవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు. విష్ణువర్ధన్‌ను ఆ తోపులో లోపలికి తెచ్చి మూలన ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఆయన రుమాలు తీసి, ఫారం తీసి, పెన్ను తీశాడు.

జనం అడగ్గానే సైఫుల్లా ఎవరేం నొక్కారో తెర మీద పట్టిక పెట్టేశాడు. ఏడేళ్ళూ రెండు నొక్కినవాళ్ళు ముగ్గురు. ఇద్దరు ఊళ్ళో లేరు. మూడో పేరు సుబ్బరామయ్యది.

శాలువా అప్పుడు చాలా ఎర్రగా కనబడింది.

"నువ్వా?" అంది సామ్రాజ్యం. "మిల్లున్నోడివి! నేను దిబ్బ మీద నిలబడి ఒకటి నొక్కాను!"

సుబ్బరామయ్య శాలువా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. పెద్ద మనిషి గొంతు చిన్నదైపోయింది. "ఇవ్వగూడదని కాదమ్మా. ఇంతమంది ఇస్తుంటే నేనొక్కణ్ణి ఇవ్వకపోతే కట్ట ఆగుతుందా అనుకున్నాను."

"అదేనండీ!" అని అరిచాడు వరప్రసాదం. గంట నుంచి బిగబట్టిన ఊపిరి ఆ అరుపులో వచ్చేసింది. "అదే పాఠం! పుస్తకంలో రెండు పేజీలుంటుంది, ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాను, ఒక్కరికీ ఎక్కలేదు. మీరు ఒక్క ముక్కలో చెప్పారండీ!"

విష్ణువర్ధన్ ఏదో రాసుకున్నాడు. వరప్రసాదం దాన్ని చూసి ప్రాణం లేచొచ్చినట్టు బోర్డు దగ్గరికి వెళ్ళాడు. గండం గట్టెక్కే దారి దొరికింది. చివరి ఏడాది మెసేజ్ పదకొండుంబావుకు వస్తుంది. అలవాటు ప్రకారం కొందరు ఊరుకుంటారు, ఊరు మునుగుతుంది, పాఠ్యప్రణాళికలో రాసినట్టే చివరి ప్రశ్న అడుగుతాడు. నలభై సార్లు మునిగింది. నలభై ఒకటోసారి మునక్కపోవడానికి కారణమేం లేదు.

సరిగ్గా పదకొండుంబావుకు గదిలో ఇరవై ఒక్క ఫోన్లు ఒక్కసారి మోగాయి. 'ఇది చివరి ఏడు. కట్టకు మీ వంతు ఇస్తే 1, లేకుంటే 2.'

ఎవరూ తమ ఫోను చూసుకోలేదు. పక్కవాడి ఫోను చూశారు. సామ్రాజ్యం కుర్చీ జరుపుకుని వెళ్ళి సుబ్బరామయ్య బొటనవేలు మీద చూపు పెట్టింది. ఆయన ఒకటి నొక్కాడు. నొక్కి, ఫోను ఎత్తి అందరికీ చూపించాడు. ఊళ్ళో లేని ఇద్దరికీ సైఫుల్లా ఫోన్ చేస్తే, గదిలో అందరూ ఒకేసారి అరిచిన అరుపుకు వాళ్ళూ ఒకటి నొక్కారు. ఇరవై మూడుకు ఇరవై మూడు. తెర మీద నీలంగా లోపలికి వస్తున్న సముద్రం ఆగింది. కట్ట మీద పచ్చగీత పడింది. గది చప్పట్లతో దద్దరిల్లింది. సుబ్బరామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. కిటికీల దగ్గర పిల్లలు ఈలలు వేశారు.

వరప్రసాదం ఒక్కడే బోర్డు దగ్గర మొహం వేలాడేసి నిలబడ్డాడు.

విష్ణువర్ధన్ దగ్గరికి వచ్చాడు. చేతిలో పాఠ్యప్రణాళిక ఉంది. "చివరికి ఊరు మునగాలని రాశారు."

"అవునండి."

"మునగలేదు."

"లేదండి."

"మునిగిన కారణాన్ని విద్యార్థులు చర్చిస్తారని రాశారు. విద్యార్థులు గోడలకు అతుక్కుని ఉన్నారు."

"అవునండి."

"లక్ష్యం నెరవేరలేదు," అని చదువుకుంటూ ఆ గడిలో రాశాడు. మిగిలిన గడులు కూడుకుని, "ముప్పై ఒకటి," అన్నాడు.

వరప్రసాదం సుద్దముక్కను బోర్డు అంచున జాగ్రత్తగా పెట్టాడు. ఇక దాంతో పని లేదు. జనం లేస్తున్నారు. సామ్రాజ్యం మాత్రం లేవలేదు. కూతురు లక్ష్మీప్రియ వచ్చి పక్కన నిలబడితే, ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుని తెర వంకే చూస్తోంది.

"బాబూ," అంది వరప్రసాదాన్ని. "మా దిబ్బలు నిజంగా మునుగుతాయా?"

ఎనిమిదేళ్ళలో పాఠం అయ్యాక అతన్ని ఎవరైనా ప్రశ్న అడగడం అదే మొదటిసారి. "ఇవాళ కాదమ్మా," అన్నాడు.

"ఇవాళ కాదని నాకూ తెలుసులే. నిలబడి చూశాగా. ఎప్పుడని అడుగుతున్నా."

వరప్రసాదం నిజం చెప్పాడు. కచ్చితంగా ఇప్పుడని ఎవరూ చెప్పలేరనీ, నీరు పెరుగుతున్న మాట మాత్రం అబద్ధం కాదనీ అన్నాడు. సామ్రాజ్యం తలూపింది. "అయితే మా పిల్లకు ఇది బాగా చెప్పు బాబూ. వచ్చే ఏడు కూడా నువ్వే చెప్పు." వచ్చే ఏడు తను ఉండనన్న సంగతి చెప్పకుండా వరప్రసాదం అలాగేనన్నాడు.

సామ్రాజ్యం మాట విష్ణువర్ధన్ విన్నాడో లేదో తెలియదు. ఆయన గుమ్మం దాకా వెళ్ళినవాడు ఫారం వెనక్కి తిప్పి ఆగాడు. వెనకవైపు అట్టడుగున ఇంకో గడి ఉంది: 'బోధనలో తల్లిదండ్రుల భాగస్వామ్యం.' ఇరవై రెండేళ్ళుగా ఆ గడిలో అడ్డగీత పెట్టడమే తప్ప అంకె వెయ్యాల్సిన అవసరం ఆయనకు ఎప్పుడూ రాలేదు. వెనక్కి వచ్చి వేలు చూపిస్తూ తలలు లెక్కపెట్టాడు. ఇరవై ముగ్గురు పిల్లలకు ఇరవై ఒక్క మంది పెద్దవాళ్ళు హాజరు, మిగతా ఇద్దరూ ఫోన్లో.

"ఈ గడికి పది," అన్నాడు, తనకే నమ్మకం లేనట్టు. "నలభై ఒకటి. బ్రాంచి ఉంటుందండి."

వరప్రసాదం నిలబడ్డచోటే కూలబడ్డాడు. కూర్చున్నాక చూసుకుంటే కింద ఉన్నది ల్యాబు స్టూలు. ఉలిక్కిపడి లేచాడు.

తర్వాతి సంగతులు చిన్నవి. లారీలు మర్నాడు తిరిగి వచ్చాయి. నెత్తళ్ళు కాలేజీ మేడ మీద రెండు రోజులు ఎండాయి. ఆ రెండు రోజులూ హాజరు తగ్గింది. సుబ్బరామయ్య శాలువా తిరిగిచ్చేస్తే, శేషారత్నం గారు దాన్ని దులిపించి వరప్రసాదానికి కప్పింది. అతను గెస్టుగానే ఉన్నాడు, కాని ఉన్నాడు. తల్లిదండ్రుల గడి విలువ తెలిసొచ్చిన శేషారత్నం గారు ఇకమీదట నెలకోసారి వాళ్ళ సమావేశం పెట్టాలని ఆజ్ఞాపించింది. మొదటి మెసేజ్ వరప్రసాదమే రాశాడు. ఈసారి డెబ్బై అక్షరాల గొడవ లేకుండా తేదీ, గంట, గది నంబరు, 'ఇది ఆట కాదు, వస్తే 1, రాకుంటే 2' అన్న ముక్కతో సహా విపులంగా రాసి పంపించాడు.

ఇరవై ముగ్గురికి ఇరవై ముగ్గురూ మెసేజ్ అందిన ఐదు నిమిషాల్లో 1 నొక్కి, ఇంట్లోనే కూర్చున్నారు.